రాష్ట్రపతి ఎన్నిక: వేసిన ఓటు, వేయనున్న ఓటు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలలో గ్రంథాలయోద్యమమును నడపిన అయ్యంకి వెంకటరమణయ్యగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగు మహనీయులనుగూర్చి మాటలాడుట ఆచారము. ఆ పనిని నాకంటె సమర్థులైనవారు ఉదయపు సభలో నిర్వర్తించిరి. కార్యదర్శిగారు నాకు వేరొక విషయమును ఒప్పగించిరి. మన పఠనమందిరములో పత్రికలు చదువుకొనువారి నోట తరచుగా ఒక మాట వినవచ్చుచుండునట: "ఆనాడు అట్లు ఓటు వేయకుండవలసినది." పంచాయతీ ఎన్నికను గూర్చి ఆ మాట వచ్చును, శాసనసభ ఎన్నికను గూర్చి వచ్చును. రాష్ట్రపతి ఎన్నికను గూర్చి మాత్రము ఎవ్వరును ఆ మాట అనరు. ఏలయన, అది మన ఓటు కాదని మన నమ్మకము. ఈ నమ్మకము ఎంతవరకు నిజమో, మునుపు వేసిన ఓట్లను తలచుకొని రాబోవు అభ్యర్థులను ఎట్లు తూచవలెనో చెప్పుమని వారి ఆదేశము.

మొదట లెక్క చూతము. రాజ్యాంగము 54వ అధికరణము ప్రకారము రాష్ట్రపతిని ఎన్నుకొనువారు పార్లమెంటు ఉభయసభలలో ఎన్నికైన సభ్యులును, రాష్ట్ర శాసనసభలలో ఎన్నికైన సభ్యులును. నామినేషనుపై వచ్చినవారికి ఓటు లేదు. శాసనమండలి సభ్యులకును లేదు. శాసనసభ్యుని ఓటు ఒక్కటిగా లెక్కింపబడదు. రాష్ట్ర జనాభాను ఎన్నికైన శాసనసభ్యుల సంఖ్యచే భాగించి, వచ్చినదానిని మరల వేయిచే భాగింపగా తేలిన అంకె ఆ సభ్యుని ఓటు విలువ. 2022 ఎన్నికలో కూడ ఇందుకు 1971 జనాభా లెక్కలనే తీసికొనిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ విలువ 148గా నుండెను. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లోని 175 మంది సభ్యులలో ఒక్కొక్కరికి 159, తెలంగాణలోని 119 మందిలో ఒక్కొక్కరికి 132. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7.

ఈ లెక్కలోని వేయి అను అంకెను కొంచెము నిలిచి చూడుడు. వేయిమంది జనమునకు ఒక ఓటు. 1971 నాటికి మూడువేల జనమున్న ఊరికి రాష్ట్రపతి ఎన్నికలో మూడు ఓట్లున్నవన్నమాట. ఆ మూడు ఓట్లను మన శాసనసభ్యుడు మన పక్షమున వేయుచున్నాడు. రోడ్డు వేయించునా, చెరువు బాగుచేయించునా, పింఛను ఇప్పించునా అని చూచి మనమాయనను ఎన్నుకొందుము. ఆ చీటితోపాటే రాష్ట్రపతిని ఎన్నుకొను అధికారము కూడ ఆయన జేబులోనికి పోవుచున్నది. ఇచ్చినట్లు మనకు తెలియదు. తీసికొన్నట్లు ఆయనయు జ్ఞాపకముంచుకొనడు. ఓట్ల పండుగనాడు వాకిట నిలిచి దండము పెట్టిన అభ్యర్థిని "రాష్ట్రపతి ఎన్నికలో మీరు ఎవరికి వేయుదురు? ఏమి చూచి వేయుదురు?" అని అడిగిన ఓటరు ఏ ఊరనైనను ఉన్నట్లు నేను వినలేదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయని మన పెద్దలు నవ్వుదురు. ఓటు విషయములో మాత్రము ఆకులు పట్టుకొనుటయు అవసరమే. ఐదేండ్లకు మరల అదే పొయ్యియొద్దకు పోవలసినవారము గదా! అయితే ఓటు వేసి బాధపడువారందరి బాధయు ఒకటి కాదు. తాను గెలిపించినవాడు పిమ్మట చెడ్డపని చేసెనని ఒకడు బాధపడును. అది జాతకము తప్పినందుకు ఏడ్చుటవంటిది. రేపటి సంగతి ఎవనికి తెలియును? ఓటు వేయుటకు ముందు అడుగవలసిన ప్రశ్నను, అడుగుటకు వ్యవధి యుండియు, అడుగక పోతినని మరియొకడు బాధపడును. ఈ రెండవ బాధతోనే మనకు పని. మన దేశచరిత్రలో దీనికి పెద్ద దృష్టాంతము 1969 ఎన్నిక. అది తెలుగువారికి మరింత దగ్గరి కథ.

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి డాక్టరు జాకిర్ హుసేన్‌గారు పదవిలో నుండగనే మరణించిరి. ఉపరాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరిగారు తాత్కాలికముగా ఆ స్థానమున కూర్చుండిరి. జూలైలో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు బెంగుళూరులో సమావేశమై, లోక్‌సభ స్పీకరుగానున్న నీలం సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించెను. ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు జగజ్జీవన్‌రామ్‌గారి పేరు చెప్పి నెగ్గింపలేకపోయిరి. అయినను సంజీవరెడ్డిగారి నామినేషను పత్రముపై ఆమెయు సంతకము చేసిరి. గిరిగారు జూలై 20న రాజీనామా యిచ్చి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిరి. స్వతంత్రపార్టీ, జనసంఘము చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌గారిని బలపరచినవి.

ముఖ్య ప్రత్యర్థులిద్దరును తెలుగువారే. ఒకరు బరంపురమున పుట్టి కార్మికోద్యమములో పేరు గడించినవారు. మరియొకరు అనంతపురము జిల్లా ఇల్లూరున పుట్టి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి యైనవారు. "మనవాడా, కాదా" అన్న త్రాసొక్కటే చేతనున్న శాసనసభ్యుడు ఆనాడు రెండు తట్టలును సమముగా నిలుచుట చూచి త్రాసును మూలబెట్టవలసినదే! ఆ విధముగా 1969 మనకొక మేలు చేసినది. తెలుగువాడన్న ఒక్కమాటతో పని జరుగని ఎన్నికను మన ముందుంచినది.

కాని దాని స్థానమున వచ్చిన త్రాసు మరింత మంచిదా అనునది ప్రశ్న. జూలై 16న మొరార్జీదేశాయిగారి చేతినుండి ఆర్థికశాఖ తొలగింపబడెను. 19న పదునాలుగు పెద్ద బ్యాంకులు జాతీయము చేయబడినవి. నెలతిరుగకముందే రాష్ట్రపతి ఎన్నిక ప్రధానమంత్రి పక్షమునకును, "సిండికేటు" అని పేరుపడిన పాత నాయకుల పక్షమునకును బలపరీక్షగా మారిపోయెను. తన పార్టీ అభ్యర్థికే ఓటు వేయుడని చెప్పుటకు ప్రధానమంత్రి నిరాకరించి, అంతరాత్మ ప్రబోధము ననుసరించి వేయుడనిరి. ఆ మాట ఆనాడు తెలుగు పత్రికలన్నిటను మారుమ్రోగెను. మాటలో లోపము లేదు. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు రహస్యము. విప్ జారీచేయుట కూడదు. అంతరాత్మ తప్ప వేరు యజమాని లేకుండవలె ననుటయే రాజ్యాంగాభిప్రాయము. అయితే ఆ అంతరాత్మ ముందుంచబడిన ప్రశ్న యేది? "ప్రధానమంత్రి వైపా, సిండికేటు వైపా?" అంతే. నిలిచిన ముగ్గురు ప్రముఖులలో రాష్ట్రపతి పని ఎవరు ఎట్లు చేయుదురన్నది ఆ వేడిలో ఎవరికిని పట్టలేదు.

ఆగస్టు 16న ఎన్నిక జరిగెను. 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్యపు ఓట్లు గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. గెలుపునకు కావలసినవి 4,18,169. ఎవరికిని అన్ని రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లను లెక్కింపవలసివచ్చిన రాష్ట్రపతి ఎన్నిక అదియే మొదటిది; 2022 వరకు జరిగిన ఎన్నికలలో అటువంటిది మరియొకటి లేదు. వెనుకబడిన అభ్యర్థులకు వేసినవారు తమ చీటిపై 2 అను అంకెను ఎవరియెదుట వ్రాసిరో చూచి పంచగా గిరిగారు 4,20,077కును, రెడ్డిగారు 4,05,427కును చేరిరి. తేడా 14,650. ఈనాటి తెలంగాణ శాసనసభ్యులందరి ఓట్ల విలువ 15,708 అని పోల్చుకొన్నచో, ఎంత సన్నని దారముపై దేశాధ్యక్ష పదవి వ్రేలాడెనో తెలియును. రెండవ ప్రాధాన్యము ఎవరికిని ఇవ్వక ఊరకున్నవారి ఓట్లు, లెక్కప్రకారము, పదివేల పైచిలుకు. "నాకు నచ్చినవాడు గెలువనిచో మిగిలినవారిలో ఎవరైన నాకేమి" అనుకొన్నవారు వీరు. తమ ఓటులో సగము పనిని వారు తామే విడిచిపెట్టుకొనిరి.

తరువాత సుప్రీంకోర్టులో వ్యాజ్యము నడచెను. సంజీవరెడ్డిగారిని దూషించు కరపత్రమొకటి ఎన్నికకు ముందు సభ్యులలో పంచబడినదన్నది అందులో ముఖ్యమైన ఫిర్యాదు. గిరిగారు రాష్ట్రపతిగా నుండియు స్వయముగా న్యాయస్థానమునకు పోయి సాక్ష్యమిచ్చిరి. 1970లో న్యాయస్థానము ఆ వ్యాజ్యమును కొట్టివేసెను. ఎన్నిక నిలిచెను, కాంగ్రెసు మాత్రము 1969 నవంబరులోనే రెండుగా చీలిపోయెను.

గిరిగారి ఐదేండ్లను తలచుకొని ఓటర్లు గుండెలు బాదుకొనవలసిన పని కలుగలేదు. వచ్చిన చిక్కు ఎన్నికైన మనిషివలన కాదు. ఆ ఎన్నిక మిగిల్చిపోయిన అలవాటువలన. అటుపిమ్మట ఒక అభ్యర్థిని చూచినప్పుడు "ప్రధానమంత్రికి కావలసినవాడా, కాదా" అన్నదే మొదటి ప్రశ్నయై, చాలమందికి చివరి ప్రశ్నయు నాయెను. 1974 ఆగస్టు ఎన్నికలో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌గారికి 7,65,587 ఓట్లు, ఎదుట నిలిచిన త్రిదీబ్ చౌధురీగారికి 1,89,196 ఓట్లు వచ్చినవి. అంతరాత్మలు ఈసారి మాటలాడలేదు. అహ్మద్‌గారు విద్యావంతులు, స్వాతంత్ర్యసమరములో జైలుకు పోయినవారు, మంత్రిగా అనుభవము గడించినవారు. గుణములలో ఏ కొరతయు పైకి కనిపించదు. ఇక్కడనే మనము జాగ్రత్తగా చూడవలెను.

1975 జూన్ 25 రాత్రి ప్రధానమంత్రి యొద్దనుండి లేఖ వచ్చెను. అర్ధరాత్రి కాకముందే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకము చేసిరి. మంత్రిమండలికి ఆ సంగతి మరునాటి ఉదయము ఆరుగంటల సమావేశములో చెప్పబడెను. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాపై నడవవలెనన్నది రాజ్యాంగ ధర్మము. మంత్రిమండలి యింకను కూడనే లేదు! "మంత్రులు సమావేశమైరా?" అన్న ఒక్క ప్రశ్నకు ఆ రాత్రి అవకాశముండెను. ఆ ప్రశ్న అడిగియుండినచో దేశచరిత్ర మారిపోయెడిదని నేను చెప్పను. తెల్లవారునప్పటికి మంత్రులందరును సరేననియే యుందురు. అయినను కొన్ని గంటల ఆలస్యమైనను జరిగియుండెడిది; ఒక కాగితముపైనైనను ఆ ప్రశ్న నిలిచియుండెడిది. 1978లో 44వ రాజ్యాంగ సవరణ, మంత్రిమండలి నిర్ణయమును లిఖితరూపమున తెలిపినగాని అట్టి ప్రకటన చేయరాదని నియమించినది. ఒకరు అడుగని ప్రశ్నకు శాసనము చేయవలసివచ్చెను.

గ్రంథాలయ సభలో ఈ కథ చెప్పుటకు వేరొక కారణమున్నది. అత్యవసర పరిస్థితి సెగ మొట్టమొదట తగిలినవాటిలో మన పఠనమందిరపు బల్ల యొకటి. 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక తన సంపాదకీయపు స్థలమును తెల్లగ విడిచి ప్రచురించెను. చదువుటకు ఏమియు లేని ఆ తెల్లకాగితమును జనులు చదివి అర్థము చేసికొనిరి. ఆ సంవత్సరాంతమున అదే పత్రికలో అబూ అబ్రహాం వేసిన వ్యంగ్యచిత్రములో రాష్ట్రపతి స్నానపుతొట్టిలో నుండియే సంతకముచేసి కాగితమును తలుపుసందునుండి అందించుచుండును. పేపరు చదువుటకు వచ్చువారికి పేపరులో ఏమి యుండునో నిర్ణయించు సంతకము ఆయనది. ఆయనను ఎన్నుకొన్న చీటిలో మన మూడు ఓట్లును కలిసియున్నవి. ఈ ఊరికి రాష్ట్రపతితో సంబంధమేమి యనువారికి ఇంతకంటె వేరు సమాధానమక్కరలేదు.

అహ్మద్‌గారు 1977 ఫిబ్రవరి 11న పదవిలోనే మరణించిరి. మార్చిలో ఎన్నికలు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానములలో కాంగ్రెసు 41 గెలిచెను. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతాపార్టీ తరఫున గెలిచినవారు సంజీవరెడ్డిగారు. ఆ జూలైలో రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషనులు వేయగా 36 చెల్లకపోయినవి. సంజీవరెడ్డిగారు పోటీలేక ఎన్నికైరి. ఎనిమిదేండ్ల క్రిందట ఎవరి పేరుమీద పార్టీయే చీలిపోయెనో ఆయన ఎదుట నిలుపుటకు ఈసారి ఏ పార్టీయు అభ్యర్థిని తీసికొనిరాలేదు. దీనిని కొందరు 1969 ఓటునకు పశ్చాత్తాపమని చెప్పిరి. ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకొనను. పశ్చాత్తాపమునకు ఓడిపోయినవారి నిస్సహాయత తోడైనప్పుడు ఏది యెంత పాలో చెప్పుట కష్టము.

ఆ పశ్చాత్తాపమునకైనను పరీక్ష త్వరలోనే వచ్చెను. 1979 జూలై 15న మొరార్జీదేశాయిగారు రాజీనామా చేసిరి. రాష్ట్రపతి చరణ్‌సింగ్‌గారిని పిలిచి ప్రధానమంత్రిని చేసిరి. ఆయన లోక్‌సభ విశ్వాసము కోరకయే ఆగస్టు 20న రాజీనామా యిచ్చి, సభను రద్దుచేయుడని సలహా చెప్పిరి. జగజ్జీవన్‌రామ్‌గారు తమకొక అవకాశమిమ్మని కోరుచుండగనే ఆగస్టు 22న లోక్‌సభ రద్దయ్యెను. రెండేండ్ల క్రిందట సంజీవరెడ్డిగారిని తలపై నెత్తుకొన్న జనతాపక్షమువారే ఆయనను నిందించిరి. ఆయన చేసినది తప్పా ఒప్పా అని రాజ్యాంగవేత్తలు రెండువిధములను వాదించిరి. సభలో ఎవరికి బలమున్నదో తేల్చుకొనుటకు సభనే కూర్చుండబెట్టుట న్యాయమని నాకు తోచును. కాని మనమిక్కడ గమనింపవలసినది వేరు. మునుపు ఓడించినవానిని ఇప్పుడు గెలిపించినంతమాత్రమున మునుపటి ఓటు దిద్దబడదు. 1969లో అడుగని ప్రశ్నను 1977లోను ఎవ్వరును అడుగలేదు. ఆయనకు ఆనాడు అన్యాయము జరిగినదన్న జాలియే అందరికిని చాలెను.

అయితే ఆ ప్రశ్న యేది? సభ నిశ్శబ్దముగా నున్నది గనుక చెప్పెదను. ఈ మనిషి తనకు పదవి నిచ్చినవారి యెదుట నిలిచి, "కాదు" అనియో, కనీసము "ఎందుకు" అనియో ఎప్పుడైన అనెనా?

ఇట్టి పరీక్షలో నిలిచినవారు అభ్యర్థులుగా దొరకకపోలేదు. 1967లో రాజమహేంద్రవరము న్యాయవాదుల కుటుంబముతో సంబంధముగల మన తెలుగువారు కోకా సుబ్బారావుగారు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి విడిచి, ప్రతిపక్షముల ఉమ్మడి అభ్యర్థిగా నిలిచిరి. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదింపరాదని గోలక్‌నాథ్ వ్యాజ్యములో ఆ సంవత్సరమే తీర్పు చెప్పినవారాయన. జాకిర్ హుసేన్‌గారికి 4,71,244 రాగా ఆయనకు 3,63,971 వచ్చినవి. న్యాయపీఠమునుండి నేరుగా ఎన్నికలోనికి దిగుట సమంజసము కాదని ఆనాడు విమర్శ వచ్చెను. ఆ విమర్శలో కొంత సత్యమున్నది. 1982లో హంసరాజ్ ఖన్నాగారు నిలిచిరి. అత్యవసర పరిస్థితిలో నిర్బంధింపబడినవాడు కోర్టుకు పోరాదని 1976 ఏప్రిల్ 28న నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, వేరుగా నిలిచిన ఐదవవారు ఆయన. అందుకు ఫలముగా 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి ఆయనకంటె చిన్నవారికి పోయెను. ఖన్నాగారు రాజీనామా చేసిరి. "కాదు" అనగలడా అన్న ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానముతో ఏ అభ్యర్థియు మన శాసనసభ్యుల యెదుటకు రాలేదు. ఆయనకు వచ్చిన ఓట్లు 2,82,685. జ్ఞానీ జైల్‌సింగ్‌గారికి 7,54,113.

ఇంతవరకు విని, "అట్లయిన 1982 ఓటర్లందరును పశ్చాత్తపింపవలసినదేనా?" అని మీరడుగవచ్చును. లోకము అంత సులభముగ లేదు. నాయకురాలికి విధేయుడని పేరుపడిన జైల్‌సింగ్‌గారే, ఉత్తరములను తెరచి చూచుటకు ప్రభుత్వమునకు విశాలాధికారము నిచ్చు తపాలా సవరణ బిల్లును పార్లమెంటు ఆమోదించి పంపగా, సంతకము చేయక, త్రిప్పిపంపక, 1987లో పదవి దిగువరకు తనయొద్దనే యుంచుకొనిరి. మన ఊరి కార్డుముక్క ఎవ్వరును విప్పిచూడకుండ వచ్చుటలో ఆయన మౌనమునకును పాలున్నది. కనుక నేను చెప్పు త్రాసు తప్పక సరిగ తూచునని హామీ ఇవ్వజాలను. పూర్వచరిత్రలో లేని ధైర్యము పదవిలో పుట్టవచ్చును. పుట్టునని నమ్మి ఓటు వేయుట మాత్రము బావిలో నీరు పడునని పందెము కాసి ఇల్లు కట్టుటవంటిది.

మన రాష్ట్రమునకు సంబంధించిన ఒక ఘట్టము ఇక్కడ చెప్పవలెను. పెద్దలకు జ్ఞాపకముండును. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్‌గారు నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వమును తొలగించిరి. రామారావుగారు తమ శాసనసభ్యులను రైలెక్కించి ఢిల్లీకి తీసికొనిపోయి రాష్ట్రపతి భవనములో జైల్‌సింగ్‌గారి యెదుట నిలిపిరి. రామ్‌లాల్‌గారు పోయి, శంకరదయాళ్ శర్మగారు గవర్నరుగా వచ్చిరి. సెప్టెంబరు 16న రామారావుగారు మరల ముఖ్యమంత్రియైరి. ఆ శర్మగారే 1992లో రాష్ట్రపతి పదవికి నిలిచి 6,75,864 ఓట్లతో గెలిచిరి. ఎదుట నిలిచిన జి. జి. స్వెల్‌గారికి 3,46,485 వచ్చినవి. ఆ అభ్యర్థిని తూచుటకు తెలుగు శాసనసభ్యులకు వేరు గ్రంథములతో పనిలేదు. ఆయన పరీక్ష మన హైదరాబాదులోనే మన కన్నులయెదుట జరిగెను. ఒక గవర్నరుగా ఏమి చేసెనన్నది రేపు రాష్ట్రపతిగా ఏమి చేయుననుటకు మంచి గుర్తు. ఏలయన రెండు పదవులలోను చిక్కు ఒక్కటే: పంపినవారు ఒకరు, కాపాడవలసినది మరియొకటి.

తరువాతి కాలమున కొచ్చెరిల్ రామన్ నారాయణన్‌గారు 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధింపుమన్న కేంద్ర మంత్రిమండలి సలహాను పునరాలోచనకు త్రిప్పిపంపిరి. మంత్రిమండలి ఆ యోచన విరమించుకొనెను. 1998లో ప్రభుత్వము మారినది. బీహారు విషయమై ఆ ప్రభుత్వము పంపిన సలహాను కూడ ఆయన అట్లే త్రిప్పిపంపిరి. ఒక పక్షమువారిని మాత్రమే ప్రశ్నించువాడు కాడన్నమాట. 1998 లోక్‌సభ ఎన్నికలలో రాష్ట్రపతి యైయుండియు సామాన్యులతోపాటు వరుసలో నిలిచి ఓటు వేసినవారు ఆయన.

అబ్దుల్ కలామ్‌గారి కథలో మన ప్రసంగ విషయము మరింత దగ్గరగా కనిపించును. 2005 మేలో ఆయన మాస్కోలో నుండగా బీహారు శాసనసభ రద్దునకు సంబంధించిన కాగితము అక్కడికే పోయెను. ఆయన సంతకము చేసిరి. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అప్పుడు తాను రాజీనామా యోచన చేసినట్లు కలామ్‌గారే తరువాత గ్రంథముఖమున తెలిపిరి. 2006లో లాభదాయక పదవుల బిల్లు వచ్చినప్పుడు దానిని ఆయన పునరాలోచనకు త్రిప్పిపంపిరి. మొదటిదానికిని రెండవదానికిని సంబంధమున్నదో లేదో వారి హృదయమునకే తెలియవలెను. నాకు మాత్రము ఉన్నదనియే తోచును.

ఇక రాబోవు ఎన్నిక. 2022 జూలై 25న ప్రమాణము చేసిన ద్రౌపదీ ముర్ముగారి పదవీకాలము 2027 జూలైలో ముగియవలసియున్నది. ఎవరు నిలుతురో పేర్లు ఊహించుట పత్రికలవారి పని. పేరు వచ్చినప్పుడు మన ఊరిలో వినవచ్చు మాటలు మాత్రము నేనిప్పుడే చెప్పగలను. ఏ కులము, ఏ ప్రాంతము, ఏ మతము, ఎవరికి దగ్గర. ఈ మాటలలో అన్నియు త్రోసివేయదగినవి కావు. 1997లో నారాయణన్‌గారు దళితులనుండి వచ్చిన మొదటి రాష్ట్రపతి, 2022లో ముర్ముగారు ఆదివాసులనుండి వచ్చిన మొదటి రాష్ట్రపతి యైనప్పుడు, శతాబ్దులు గుమ్మము బయట నిలిచినవారికి ఆ భవనపు తలుపు తెరచుకొనుట సామాన్యమైన సంగతి కాదు. దానిని ఆడంబరమని కొట్టివేయువారు గుమ్మము బయట ఎన్నడును నిలువనివారై యుందురు. కాని ఎక్కడినుండి వచ్చిరన్న ప్రశ్నతో ఆగిపోయిన ఓటరు, ఆ వచ్చినవారికే అన్యాయము చేయుచున్నాడు. నారాయణన్‌గారిని ఈనాడు మనము తలచుకొనుచున్నది ఆయన పుట్టుకనుబట్టి మాత్రమే కాదు గదా.

రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు కట్టుబడియుండును గనుక ఎవరైన నొకటే యనువారును ఉందురు. 1976లో 42వ సవరణ ఆ కట్టుబాటును అక్షరములలో వ్రాసినది. 44వ సవరణ ఒక్కసారి త్రిప్పిపంపు వీలునిచ్చినది. ఒక్కసారియే! రెండవసారి వచ్చినచో సంతకము చేయవలసినదే. ఇది చిన్న అధికారమని నవ్వువారికి 1997 అక్టోబరును చూపవలెను. ఎవరికిని ఆధిక్యము రాని లోక్‌సభలో మొదట ఎవరిని పిలువవలెనన్నప్పుడు చెప్పుటకు మంత్రిమండలియే యుండదు. ఆ నిర్ణయము ఆయన యొక్కరిదే. అట్టి దినములు ఐదేండ్లలో రెండో మూడో వచ్చును, రాకపోవనువచ్చును. మనము ఎన్నుకొనునది ఆ రెండుమూడు దినముల కొరకే. మిగిలిన దినములలో విందులు చేయుటకు, కవాతులు చూచుటకు ఎవరైన సరిపోవుదురు.

అభ్యర్థుల విషయములో ఒక ఆచారము నాకు కష్టము కలిగించును. నామినేషనుకు ఏబదిమంది ప్రతిపాదకులు, ఏబదిమంది బలపరచువారు కావలెనన్న నియమము 1997నుండి యున్నది. అది ఆటకై నిలుచువారిని ఆపుటకు. కాని నిలిచినవారును రాజధానికి వచ్చి, శాసనసభ్యులను ఒక హోటలులో కలిసి, శాలువలు కప్పించుకొని పోవుదురు. పత్రికలలో ఛాయాచిత్రము వచ్చును. ఒక శాసనసభ్యుడు లేచి, "అయ్యా, అర్ధరాత్రి కాగితము వచ్చినచో తమరు మొదట ఏమి అడుగుదురు?" అని ప్రశ్నించినట్లు ఆ వార్తలలో నేనెక్కడను చదువలేదు. 2022 ఎన్నికలో 53 మంది ఓట్లు చెల్లకపోయినవి. చీటిపై అంకె వ్రాయుటయే సరిగ చేయనివారు అభ్యర్థిని ప్రశ్నించుట ఎట్లు అని మీరు నవ్వవచ్చును. నవ్వుడు, కాని ఆ 53 మందిని ఎన్నుకొన్న ఊళ్ళు కూడ ఉన్నవి.

కార్యవర్గమువారికి నా విన్నపమొకటి. మన గ్రంథాలయములో రాజ్యాంగము తెలుగు ప్రతి తాళము వేసిన బీరువాలో నున్నది. దానిని పత్రికల బల్లపైకి తెండు. 52నుండి 74వరకుగల అధికరణములు చదువుటకు ఒక సాయంకాలము చాలును. 2027లో అభ్యర్థుల పేర్లు వెలువడిన దినమున, వారు మునుపు గవర్నర్లుగనో, స్పీకర్లుగనో, న్యాయమూర్తులుగనో, మంత్రులుగనో ఉండిరా, అప్పుడు తమకు పదవి నిచ్చినవారితో ఎక్కడనైన విభేదించిరా అని పాత పత్రికల కట్టలు విప్పి చూచి ఒక నోటుపుస్తకములో వ్రాసిపెట్టుడు. ఇరువదియైదేండ్ల కట్టలు మీయొద్ద నున్నవి. ఈ పని చేయుటకు శాసనసభ్యునికంటె మీకే ఎక్కువ వసతి యున్నది. ఆ పుస్తకము తీసికొని నలుగురు సభ్యులు ఆయన ఇంటికి పోయి, మన ఊరి మూడు ఓట్లను ఆయన ఏమి చూచి వేయబోవుచున్నారో అడిగి రండు. చీటి రహస్యము, ఎవరికి వేసిరని పిదప అడుగుటకు మనకు హక్కులేదు. వేయుటకు ముందు ఏమి చూచితిరని అడుగుటకు ఏ చట్టమును అడ్డుపడదు. ఆయన చెప్పిన సమాధానమును కూడ అదే పుస్తకములో తేదీ వేసి వ్రాయుడు. మరుసటి శాసనసభ ఎన్నికలలో ఆయన మన వాకిటికి వచ్చునాటికి ఆ పుస్తకము బల్లపైననే యుండవలెను.